పోపు ఎవరు పెట్టారు?

పోయినవారం మిమ్మల్ని మా వంటింటి బల్ల దగ్గర, మూత తీయని చింతకాయ పచ్చడి సీసా ముందు కూర్చోబెట్టి వెళ్ళిపోయాను. వారమంతా నోరూరుతూనే ఉండి ఉంటుంది, పాపం. ఇవాళ మూత తీస్తాను. తీశాక జరిగింది వింటే ఆ పచ్చడి మీద ఆశ చచ్చిపోతుంది, ముందే చెప్తున్నాను.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు ముక్కలు. నేను గిరిజను. జర్మనీలో, ఆకెన్‌లో ఒక సరుకు రవాణా కంపెనీలో పని. దేశం దాటి వచ్చే సరుకుకి కస్టమ్స్ కాగితాలు రాస్తాను. చేరి నాలుగు నెలలే, ఇంకా ప్రొబేషన్ దాటలేదు. మా ఆయన సాయికృష్ణ ఉద్యోగాన్ని కరోనా తినేసింది. అందుకని మా ముగ్గురి వీసా, ఇంటి అద్దె, మా అమ్మాయి ఈషా బడి, అన్నీ నా ఉద్యోగం మీద ఇచ్చిన బ్లూ కార్డు వీసాని పట్టుకుని వేలాడుతున్నాయి. సాయి అక్క మంగతాయారు వదిన, ఆవిడ భర్త జనార్దనరావు అన్నయ్యగారు ఇంగ్లండులో, లెస్టర్‌లో ఉంటారు. పచ్చళ్ళ వ్యాపారం. సీసా మీద వదిన ఫోటో, కింద 'మంగతాయారు చేతి పచ్చళ్ళు' అని ఉంటుంది. జర్మనీలో మనవాళ్ళ కొట్టు ఏదైనా సరే, ఆ ఫోటో లేని అల్మారా ఉండదు.

బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి పూర్తిగా తెగిపోయిన మొదటి నెల అది. క్రిస్మస్ ముందురోజు ఒప్పందం కుదిరింది, సుంకం ఉండదట అన్నారు. అందరూ ఆ మొదటి సగం విని పండగ చేసుకున్నారు. రెండో సగం మాలాంటి కాగితాల మనుషులు తప్ప ఎవరూ వినలేదు. సరుకు బ్రిటన్‌లో తయారైనదైతేనే సుంకం లేదు. ఇండియాలో తయారై, లెస్టర్ గోడౌన్‌లో వారం నిద్ర చేసి వస్తే అది ఇండియా సరుకే. సీసా మార్చినా, చీటీ అంటించినా ఇండియా సరుకే.

అన్నయ్యగారు మాత్రం బిల్లు మీద 'బ్రిటన్‌లో తయారైనది' అని రాసి సంతకం పెట్టి పంపారు. ఆకెన్ కస్టమ్స్‌లో ఎవరో బుద్ధిమంతుడు చింతకాయ బొమ్మ చూసి, ఈ చెట్లు ఇంగ్లండులో ఎక్కడున్నాయబ్బా అని లారీ ఆపేశాడు. ఆ లారీ కాగితాలు మా కంపెనీవి. మా పై అధికారి ఫ్రావ్ బ్రాయర్ (ఫ్రావ్ అంటే ఇక్కడ శ్రీమతి) పొద్దున్నే ఫోన్ చేసింది. ఆ సరుకు మా ఆడపడుచు వాళ్ళదని ఆవిడకి లారీ ఆగిన రోజే చెప్పాను. "మంచిదే. మీకు ఈ తిండీ తెలుసు, ఈ మనుషులూ తెలుసు. రెండున్నరకి పిలుస్తాను. అది అక్కడే తయారైందని మీరు చెప్తే మీ పేరు మీద కస్టమ్స్‌కి అదే రాస్తాను. కాదంటే కాదని రాస్తాను," అంది. అబద్ధమని తేలితే కంపెనీ లైసెన్సుకే ముప్పు. నా సంగతి ఆవిడ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

నిజం చెప్పాలంటే అవునని చెప్పడానికే నేను సిద్ధపడి ఉన్నాను. వదిన ఎలా చేస్తుందో నా కళ్ళతో చూశాను కదా. గుంటూరు నుంచి డ్రమ్ముల్లో వచ్చేది ఉప్పూ పసుపూ వేసి దంచిన వట్టి చింతకాయ తొక్కు. దాన్ని ఎండుమిరపకాయలతో నూరి, వెల్లుల్లి దంచి వేసి, మూకుడు నిండా పోపు పెట్టేది లెస్టర్‌లోనే. తొక్కు వేరు, పచ్చడి వేరు. ఈ తేడా జర్మన్ భాషలో ఎలా చెప్పాలా అని పొద్దున్నుంచీ వాక్యాలు కూర్చుకున్నాను. నిలబడే వాదనే అది.

మా బల్ల మీది ఆ సీసా, నేను చూసి చెప్పడానికని కస్టమ్స్ వాళ్ళ అనుమతితో లారీలోంచి తీసింది. పొద్దున ఆఫీసు మనిషి కింద తలుపు దగ్గర పెట్టి, బెల్లు కొట్టి, మాస్కు కూడా దించకుండా వెళ్ళిపోయాడు.

"అక్క పచ్చడి. ముందు అన్నం పెట్టు, కస్టమ్స్ సంగతి తర్వాత," అన్నాడు సాయి.

మూత తీశాను. ఇంగువ వాసన గుప్పుమంది.

మీకు ఇందులో ఏమీ కనపడకపోవచ్చు. చింతకాయ పచ్చడిలో ఇంగువ వేస్తారు, మా ఇంట్లోనూ వేస్తారు. కానీ మంగతాయారు వదిన వేయదు. పెళ్ళైన కొత్తలో లెస్టర్ వెళ్ళి, సాయం చేద్దామని పప్పులో చిటికెడు ఇంగువ వేశాను. డిసెంబరు చలిలో వదిన ముందు తలుపు, వెనక తలుపు, కిటికీలు అన్నీ తెరిచి పెరట్లోకి వెళ్ళి నిలబడింది. "నీ మీద కోపం కాదే గిరిజా, ఆ వాసన తగిల్తే నా తల పగిలిపోద్ది," అని బయట నుంచే కేక వేసింది. ఆవిడ వంటింట్లో ఇంగువ డబ్బా ఉండటమంటే ఫ్రావ్ బ్రాయర్ మీటింగుకి ఆలస్యంగా రావడం లాంటిది. జరిగే పని కాదు.

సాయి అప్పుడే రెండో ముద్ద కలుపుతున్నాడు. "అబ్బ, అక్క చెయ్యి చెయ్యే."

"ఏమన్నా తేడాగా ఉందా?"

"ఉప్పు ఒక పిసరు ఎక్కువేమో."

పుట్టిన దగ్గర్నుంచి ఆ చేతి వంట తిన్న మనిషి. ముక్కూ నాలుకా ఎక్కడ పెట్టుకుని తింటాడో తెలియదు. నాకు ఒళ్ళు మండింది, అంతకంటే ఎక్కువ భయమేసింది. పోపు పెట్టింది వదిన కాకపోతే ఇది లెస్టర్‌లో చేసింది కాదు. లెస్టర్‌లో చేయకపోతే నేను కూర్చుకున్న వాక్యాలన్నీ గంగలో కలిసినట్టే. ఇంకో ఆలోచన కూడా వచ్చింది. నెల రోజులుగా వీడియోలో వదిన మొహం చూడలేదు. ఎప్పుడు చేసినా వంటలో ఉంది, పడుకుంది, కొట్టుకెళ్ళింది.

రెండింటికి అన్నయ్యగారికి వీడియో కాల్ చేశాను. ఫోను రైస్ కుక్కర్‌కి ఆనించి నిలబెట్టాను. సాయి నా పక్కన కూర్చున్నాడు. అన్నయ్యగారి గడ్డం పెరిగి ఉంది, చొక్కా మడతలు పడి ఉంది. నవ్వు మాత్రం ఎప్పటిదే.

"ఏమ్మా చెల్లెమ్మా, మన లారీకి విముక్తి ఎప్పుడు?"

"అది మీరు చెప్పే జవాబు మీద ఉందండీ అన్నయ్యగారూ. ఈ సరుకు ఎక్కడ తయారైందని ట్సోల్ వాళ్ళు అడుగుతున్నారు."

కస్టమ్స్‌ని ఇక్కడ మేమంతా ట్సోల్ అనే అంటాం. ఆయనకీ అలవాటైపోయింది.

"ఆ ట్సోల్ వాళ్ళకి నువ్వు అర్థమయ్యేట్టు చెప్పాలమ్మా. తొక్కు గుంటూర్ది, కాదన్లా. తొక్కు పచ్చడి ఎట్టా అవుద్ది? పోపు పడితేనే గదా పచ్చడి? అమెరికా గోధుమలతో మనింట్లో చపాతీ చేస్తే అది అమెరికా చపాతీ అంటావా నువ్వు? పోపు ఎవరింట్లో పడితే పచ్చడి వాళ్ళది. ముప్పై ఏళ్ళ నుంచి ఇదే వ్యాపారం, నాకు తెలీదా?"

"బావ చెప్పింది కరెక్టే గిరిజా. పొద్దున నువ్వు కూడా ఇదే అన్నావుగా," అన్నాడు సాయి.

"అన్నాను. అన్నయ్యగారూ, ఈ లారీలో పచ్చడికి పోపు ఎవరు పెట్టారు?"

"ఎవరు పెడతారమ్మా, మీ వదినే."

"వదినని ఒక్కసారి పిలవండి."

"వంటలో ఉంది."

"ఇంగువ వేస్తూ ఉందా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. సాయి నావైపు తిరిగాడు. "ఏం మాటలవి? పెద్దాయనతో అట్లాగేనా మాట్లాడేది?"

నేను సీసా తీసి సాయి ముక్కు కింద పెట్టాను. "మీరు వాసన చూడండి. నమలొద్దు, మింగొద్దు, వాసన చూడండి." ఇంట్లో ఇద్దరమే ఉంటే సాయీ, నువ్వు అంటాను. ఇక్కడే కాట్‌బస్ యూనివర్సిటీలో ఒకే బెంచీలో కూర్చుని మాస్టర్స్ చేసినవాళ్ళం. అన్నయ్యగారు లైన్లో ఉంటే మీరు అంటాను. ఆ రోజు అంత కోపంలోనూ ఆ మీరు అట్లాగే వచ్చింది, చూడండి నా పెంపకం.

సాయి వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"బావా, అక్కేది?"

అన్నయ్యగారు లేచారు. ఫోను ఆయన చేతిలో ఊగుతోంది. మెట్లు, తలుపు, మళ్ళీ తలుపు కనిపించాయి. వెనక షెడ్డులోకి వెళ్ళి ఫోను అటు తిప్పారు. వదిన పచ్చళ్ళ షెడ్డు అది. పెద్ద పొయ్యిల మీద ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంది. గ్రైండరు మీద దుమ్ము. మూకుళ్ళు గోడకి బోర్లించి ఉన్నాయి. ఒక మూల అట్టపెట్టెలు, వాటి మీద గుంటూరు కంపెనీ పేరు. పక్కన వదిన ఫోటో ఉన్న చీటీల చుట్టలు.

"పొయ్యి వెలిగించి నెల దాటిందమ్మా," అన్నారు. "పని చేసే ఇద్దరూ కరోనా అని ఇంటికి పోయారు. గుంటూరు వాళ్ళే నూరి, పోపు పెట్టి, సీసాలకెత్తి పంపించారు. నేను చీటీలు అంటించా. అంతే."

"అక్కేది బావా?" సాయి ఫోను మీదకి వంగాడు.

"హాస్పిటల్లో ఉందిరా. క్రిస్మస్ ముందే తీసుకెళ్ళారు. నన్ను లోపలికి రానివ్వరు. నర్సు ఫోను పట్టుకుంటే చూస్తా. నిన్న పొద్దున మిషను మీద పెట్టారు."

పక్క గదిలో ఈషా టాబ్లెట్లో టీచరు గొంతు వినిపిస్తూనే ఉంది.

సాయి తన ఫోను తీశాడు. వదిన రోజూ పొద్దున్నే వాళ్ళ తమ్ముడికి గులాబీలూ, కాఫీ కప్పూ ఉన్న శుభోదయం బొమ్మ పంపిస్తుంది. ఆ పొద్దున కూడా వచ్చింది.

"మరి ఇదెవరు పంపారు?"

"నేనే."

"నిన్న ఏం కూర అక్కా అంటే దొండకాయ అని పెట్టింది."

"నేనేరా. మీ అక్కే చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. వాడి ఉద్యోగం పోయిన దిగులు వాడికి చాలు, నా సంగతి చెప్పొద్దు, నేనే వచ్చి చెప్తా అంది. వచ్చేస్తుందనే అనుకున్నారా నేను. రేపు వస్తది, ఎల్లుండి వస్తది అని రోజుకో బొమ్మ పంపిస్తా ఉన్నా." ఆయన షెడ్డులో ఒక డ్రమ్ము మీద కూర్చున్నారు. "వచ్చేటప్పటికి కొట్టు మూతపడి ఉంటే ఆవిడికి ఏం చూపించను?"

సాయి బల్ల మీదకి వంగి ఏడ్చాడు. పెళ్ళైన ఏడేళ్ళలో ఆ మనిషి ఏడవడం నేను చూడలేదు, ఉద్యోగం పోయిన రోజు కూడా. వీపు మీద చెయ్యి వేశాను. నాకూ కన్నీళ్ళు ఆగలేదు. నేను ఇంగువ వేస్తే ఇంటి తలుపులన్నీ తెరుచుకుని చలిలో నిలబడి నన్ను ఒక్క మాట అనని మనిషి, ఇప్పుడు ఊపిరి కోసం మిషను మీద ఉంది. ఇంకోవైపు గోడ గడియారం రెండుంబావు దాటింది.

"అన్నయ్యగారూ," అన్నాను, "ఇండియా సరుకేనని ఒప్పుకుని సుంకం కట్టేద్దాం. పొరపాటున రాశామని నేనే దగ్గరుండి కాగితాలు సరిచేయిస్తాను."

"ఈ ఒక్క లారీ అయితే కట్టేద్దును చెల్లెమ్మా. ఈ నెలలో ఇంతకు ముందు రెండు పోయినయ్. అవీ ఇవే సీసాలు, ఇదే సంతకం. ఇది కాదంటే వాటినీ తవ్వుతారు. ఒకసారి పొరపాటు అంటారు. మూడుసార్లయితే మోసమంటారు. నీ మీద ఒత్తిడి పెట్టనమ్మా. నీకు ఏది తోస్తే అది చెప్పు."

అలా అనడమే పెద్ద ఒత్తిడి. ఆయనకి తెలుసో తెలియదో కానీ, నాకు తెలుసు.

సాయి తలెత్తి మొహం తుడుచుకున్నాడు. ఫోను మీద చెయ్యి మూసి నాతో గొంతు తగ్గించి అన్నాడు. "గిరిజా, అవునని ఒక్క మాట చెప్పు. అక్క ఇంటికొచ్చాక అన్నీ సరిచేసుకుందాం."

"గట్లెట్ల చెప్త సాయీ?" కోపం వస్తే నా నోట్లోకి హన్మకొండ వచ్చేస్తుంది. "ఆమె నా మాట నమ్మి రాస్తది. రేపు ట్సోల్ వాళ్ళు లెస్టర్‌కి రాసి అడిగితే? అక్కడోళ్ళు షెడ్డు చూస్తే? నా ఉద్యోగం పోతే ముగ్గురం పెట్టె సర్దుకోవాలె. నీకు తెలియదా?"

"తెలుసు. ఇక్కడ లారీ పోతే అక్కడ బావ పోతాడు. అదీ తెలుసు."

"బావ కోసం అడుగుతున్నవా, అక్క కోసమా?"

"అక్కకి నేను ఇంకేం చేయగలనే? వెళ్తే వార్డులోకి రానివ్వరు. వెళ్ళినవాణ్ణి తిరిగి ఇక్కడికి రానిస్తారో లేదో తెలియదు. ఫోనులో చూద్దామంటే కళ్ళు మూసుకుని ఉంది. ఇదొక్కటే ఉంది నా చేతిలో. అది కూడా నీ నోట్లో ఉంది."

"మమా, లైజె! మెల్లగా! నాకు క్లాస్ ఉంది," అని ఈషా లోపల నుంచి అరిచింది.

ఇద్దరం నోరు మూసుకున్నాం. నేను లేచి ముఖం కడుక్కున్నాను. అద్దంలో చూసుకుంటే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక నిర్ణయానికి వచ్చాను. నిజం చెప్తాను. చెప్పి, ఆ ఇంట్లో మనిషి ఆసుపత్రిలో ఉందని, పొరపాటు ఆ గందరగోళంలో జరిగిందని, ఆ మూడు లారీలకీ సుంకం కడతారని బతిమాలతాను. వదిన నన్ను క్షమిస్తుంది. సాయి చేస్తాడో లేదో తర్వాత చూసుకుందాం. ఆ సమయానికి అదొక్కటే నాకు నిటారుగా నిలబడి చెప్పగలిగిన మాటగా అనిపించింది.

రెండున్నరకి లాప్‌టాప్ మోగింది. ఫ్రావ్ బ్రాయర్ తెల్లజుట్టు, వెనక పుస్తకాల అల్మారా. సాయి పక్కనే ఉన్నాడు, లెమ్మన్నా లేవలేదు. రైస్ కుక్కర్‌కి ఆనించిన ఫోను కట్ చేయడం ఎవరికీ గుర్తులేదు. అందులో అన్నయ్యగారు డ్రమ్ము మీద అట్లాగే కూర్చుని ఉన్నారు.

"ఫ్రావ్ కొల్లూరి, మీ ఒంట్లో బాగానే ఉందా?" అంది ఆవిడ. నా కళ్ళు చూసి ఉంటుంది.

"బాగానే ఉన్నానండి."

"అయితే ఒకటే ప్రశ్న. ఈ పచ్చడి ఎవరు తయారు చేశారు, ఎక్కడ?"

నేను ఊపిరి తీసుకున్నాను. జర్మన్‌లో మొదటి మాట నాలుక మీదకి వచ్చింది. అంతలో సాయి కుర్చీ ముందుకి జరిపి కెమెరాలోకి వంగాడు. ఆరు నెలలుగా ఉద్యోగం కోసం కోర్సులో నేర్చుకుంటున్న జర్మన్ అది. ఒక్కో మాటా ఏరి, తప్పు లేకుండా చెప్పాడు.

"మా అక్క చేసింది. లెస్టర్‌లో, సొంత చేతులతో. నేను ఆమె తమ్ముణ్ణి."

ఫ్రావ్ బ్రాయర్ ముఖం మెత్తబడింది. "ఓ, మీ అక్కగారా? చాలా మంచిది," అంది. కళ్ళజోడు సర్దుకుని, కీబోర్డు మీద చేతులు పెట్టింది. "కానీ నాకు కుటుంబం మాట కాదు, మా ఉద్యోగి మాట కావాలి. ఫ్రావ్ కొల్లూరి, మీ పేరు మీద రాస్తున్నాను. ఇది నిజమేనా?"

బల్ల కింద సాయి నా చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు, ఆ చెయ్యి ఐసులా ఉంది. లాప్‌టాప్‌లో ఆవిడ నా పెదాల వంక చూస్తోంది.

జర్మన్ ముక్క రాని అన్నయ్యగారు ఫోనులోంచి అడుగుతున్నారు. "ఏమందమ్మా ఆవిడ? ఏం చెప్పావు చెల్లెమ్మా?"

నేనింకా ఏమీ చెప్పలేదు.